అల వచ్చింది సరే, ఎక్కడి నుంచి?

2020 జనవరి 5, ఆదివారం. మన గడియారాల్లో రాత్రి పది కావడానికి ఇంకా ఐదారు నిమిషాలుంది. ఆ వేళ హైదరాబాద్‌లో టీవీ ముందు కూర్చున్నవాళ్లు, విశాఖ బీచ్‌లో ఇక ఇంటికి లేద్దామనుకుంటున్నవాళ్లు, పొలంలో మోటారు వేసి గట్టు మీద కూర్చున్నవాళ్లు, అందరూ పిసరంత సాగి, పిసరంత కుదించుకుపోయి, మళ్లీ మామూలైపోయారు. పిసరంత అనడం కూడా ఎక్కువే. ఆ సాగుడు ఒక ప్రోటాన్ వెడల్పులో లవలేశం. ఎవరికీ తెలియలేదు.

తెలిసింది ఒక్క యంత్రానికే. అమెరికాలోని లూసియానా రాష్ట్రం, లివింగ్‌స్టన్ దగ్గర పైన్ చెట్ల మధ్య నాలుగేసి కిలోమీటర్ల గొట్టాలు రెండు ‘ఎల్’ ఆకారంలో పరచి ఉంటాయి. లోపల గాలి తీసేసి, లేజర్ కాంతిని అటూ ఇటూ పరుగెత్తించి, రెండు గొట్టాల పొడవుల్లో ఏ మాత్రం తేడా వచ్చినా కనిపెట్టే ఏర్పాటు అది. దాని పేరు లైగో. మనల్ని సాగదీసి వెళ్లిన అలను గురుత్వ తరంగం అంటారు. ఆ ఉదయం అక్కడ నమోదైన ఆ తరంగానికి, వచ్చిన తేదీనే పేరుగా పెట్టి, జీడబ్ల్యూ200105 అన్నారు. సూర్యుడికి తొమ్మిది రెట్లు బరువున్న కృష్ణబిలం ఒకటి, దాదాపు రెండు రెట్లు బరువున్న న్యూట్రాన్ నక్షత్రాన్ని మింగేసింది. జరిగింది సుమారు 90 కోట్ల కాంతి సంవత్సరాల అవతల.

అవతల అంటే ఎటు? చిక్కంతా అక్కడే వచ్చింది. లైగో రెండో యంత్రం వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్‌లో ఉంది. ఆ సమయానికి అది పనిచేయడం లేదు. ఇటలీలో పీసా పక్కనున్న విర్గో పనిచేస్తూనే ఉంది గానీ, దానికి ఈ సంకేతం వినీ వినపడనట్టే చేరింది. ఇక లెక్కలు కట్టి చూస్తే, ఆకాశంలో 7,200 చదరపు డిగ్రీల మేర ఎక్కడైనా కావచ్చని తేలింది. పున్నమి చంద్రుళ్లను పక్కపక్కన పేర్చుకుంటూ పోతే దాదాపు 34 వేల చంద్రుళ్లు పట్టే జాగా. మొత్తం ఆకాశం 41 వేల చదరపు డిగ్రీలు కాబట్టి, అందులో ఆరో వంతుకు పైనే. భారతదేశం పటంలో అదే వంతు తీసుకుంటే రెండు తెలుగు రాష్ట్రాలు కలిపిన దానికి రెట్టింపు అవుతుంది. ఇంటి నంబరు లేదు, వీధి పేరు లేదు, జిల్లా కూడా తెలియదు. అందులో మనిషిని పట్టుకు రమ్మన్నట్టుంది వ్యవహారం.

ఐదేళ్ల తర్వాత, 2025లో, ఇదే సంకేతాన్ని కొందరు పరిశోధకులు మళ్లీ తవ్వి తీశారు. కొత్త సూత్రాలతో పోల్చి చూస్తే ఓ వింత బయటపడింది. ఆ కృష్ణబిలం, న్యూట్రాన్ నక్షత్రం ఒకదాని చుట్టూ ఒకటి గుండ్రంగా తిరగలేదు, చివరి క్షణాల దాకా కోలగా ఉన్న కక్ష్యలో తిరిగాయి. కక్ష్య ఆకారానికీ, ఆకాశంలో చిరునామాకూ సంబంధం ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఉంది. ఎంత ఉందన్నదే అసలు సంగతి.

టెలిస్కోపుకు చిరునామా బెంగ లేదు. ఎటు తిప్పితే అటే చూస్తుంది, చూసిన చోటే కనిపిస్తుంది. గురుత్వ తరంగాల యంత్రం కన్నులాంటిది కాదు, చెవిలాంటిది. నలుమూలల నుంచీ వింటుంది, ఎటు నుంచో చెప్పలేదు. మామిడి తోపులో కోయిల కూస్తే తల ఎటు తిప్పాలో మనకు చప్పున తెలిసిపోతుంది, రెండు చెవులున్నాయి గనుక. కూత ఒక చెవికి ముందు, ఇంకో చెవికి రవ్వంత వెనక చేరుతుంది. ఆ తేడాను మెదడు లెక్కగడుతుంది. లివింగ్‌స్టన్‌కూ హాన్‌ఫర్డ్‌కూ మధ్య దూరం 3 వేల కిలోమీటర్లు. గురుత్వ తరంగం కాంతి వేగంతోనే నడుస్తుంది కాబట్టి ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరడానికి ఎక్కువలో ఎక్కువ సెకనులో వందో వంతు పడుతుంది.

2015 సెప్టెంబరు 14న దొరికిన మొట్టమొదటి తరంగం లివింగ్‌స్టన్‌ను తాకిన 6.9 మిల్లీసెకన్ల తర్వాత హాన్‌ఫర్డ్‌ను తాకింది. అంత తేడా రావాలంటే అది ఆకాశంలో ఒకానొక వలయం మీద ఎక్కడో పుట్టి ఉండాలి. వలయం మీద ఏ బిందువు నుంచి వచ్చినా తేడా అంతే ఉంటుంది. సంకేతం బలాబలాలు కూడా చూసి వలయంలో కొంత భాగాన్ని కొట్టేశారు. అయినా 600 చదరపు డిగ్రీలు మిగిలింది. చేయి చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి అడ్డంగా సుమారు పది డిగ్రీలు. కాబట్టి అది ఐదారు పిడికిళ్ల జాగా. అందులో గెలాక్సీలు లక్షల్లో ఉంటాయి.

మూడో చెవి వస్తే ఏమవుతుందో 2017 ఆగస్టు చెప్పింది. ఆ నెల ఒకటో తేదీన విర్గో జట్టులో చేరింది. పద్నాలుగో తేదీన వచ్చిన సంకేతాన్ని రెండు లైగోలతోనే లెక్కేస్తే 1,160 చదరపు డిగ్రీలు. విర్గోను కలిపితే 60. ఒక్క యంత్రం వచ్చి చేరగానే వెతకాల్సిన చోటు దాదాపు ఇరవయ్యో వంతుకు దిగిపోయింది. ఈ అంకెను గుర్తుంచుకోవాలి, చివర్లో పనికొస్తుంది.

ఆ తర్వాత మూడు రోజులకే అసలు పండగ. ఆగస్టు 17, మన సాయంత్రం ఆరు దాటి పదకొండు నిమిషాలు. హాన్‌ఫర్డ్ నుంచి అలారం మోగింది. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్న సంకేతం వంద సెకన్లపాటు సాగింది. అది ముగిసిన 1.7 సెకన్లకు ఫెర్మీ ఉపగ్రహానికి గామా కిరణాల మెరుపు కనిపించింది. లివింగ్‌స్టన్‌లోనూ సంకేతం ఉంది. కాకపోతే సరిగ్గా విలీనానికి ఒక సెకను ముందు ఆ యంత్రంలో ‘టప్’ మంటూ ఏదో రొద పడింది. దాంతో కంప్యూటర్ ఆ సంకేతాన్ని పక్కన పెట్టేసింది. మనుషులు కూర్చుని రొదను కత్తిరించి, అసలు సంకేతాన్ని బయటికి లాగాల్సి వచ్చింది. ఈ లోపు ప్రపంచంలోని ఖగోళ శాస్త్రవేత్తలంతా ఎటు తిప్పాలో తెలియని టెలిస్కోపులు పెట్టుకుని కాచుకుని ఉన్నారు.

విర్గో ఏం విందని చూస్తే, దాదాపు ఏమీ వినలేదు. ‘ఎల్’ ఆకారపు యంత్రానికి నడినెత్తి మీది నుంచి, పాదాల కింది నుంచి వచ్చేవి బాగా వినిపిస్తాయి. నేలకు సమాంతరంగా, రెండు చేతులకూ నట్టనడుమ నుంచి వచ్చేవి వినిపించవు. అది దాని చెవిటి మూల. ఇంత బలమైన సంకేతం విర్గోకు వినపడలేదంటే, అది ఆ చెవిటి మూల నుంచే వచ్చి ఉండాలి! వినకపోవడమే సాక్ష్యమైంది. సంకేతం వచ్చిన ఐదు గంటలకు పటం తయారైంది. వెతకాల్సింది 31 చదరపు డిగ్రీలు. దూరం సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాలు.

చిలీలో అప్పటికింకా పగలు. చీకటి పడేదాకా చేసేదేమీ లేదు గనుక, ఆ ప్రాంతంలో ఆ దూరంలో ఉన్న గెలాక్సీల జాబితా రాసుకుని కూర్చున్నారు. లాస్ కంపానాస్‌లో స్వోప్ అనే ఒక మీటరు టెలిస్కోపు ఉంది. ఈనాటి లెక్కలో చిన్నదే, పాతదే. చీకటి పడగానే జాబితాలోని గెలాక్సీలను ఒక్కొక్కటే ఫొటో తీయడం మొదలుపెట్టారు. తొమ్మిదో ఫొటోలో ఎన్‌జీసీ 4993 అనే గెలాక్సీ పక్కన, పాత ఫొటోల్లో లేని చుక్క ఒకటి మెరుస్తోంది. సంకేతం వచ్చి పదకొండు గంటలు కాలేదు. ఆ చుక్క వెలుగును విడదీసి చూసే కదా, బంగారం, ప్లాటినంలాంటి బరువైన మూలకాలు ఇలాంటి విలీనాల్లో పుడతాయన్న వాదనకు బలం దొరికింది! విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో తేల్చడానికి కొత్త కొలబద్ద కూడా దొరికింది. అడ్రసు తెలియకపోతే ఇవేవీ లేవు.

2019 ఏప్రిల్ 25న మరో న్యూట్రాన్ నక్షత్రాల జంట విలీనమైంది. ఆ రోజూ హాన్‌ఫర్డ్ ఆగి ఉంది. 8 వేల చదరపు డిగ్రీలకు పైగా జల్లెడ పట్టారు. ఏమీ దొరకలేదు. రెండు సంఘటనలూ ఒకే రకం. ఒకటి పాఠ్యపుస్తకాలకెక్కింది, రెండోది పరిశోధకులు తప్ప ఎవరికీ తెలియకుండా పోయింది.

ఇక కక్ష్య సంగతి.

వృత్తం నుంచి కక్ష్య ఎంత పక్కకు జరిగిందో చెప్పే అంకెను ఉత్కేంద్రత అంటారని ఇంటర్ లెక్కల్లో చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అచ్చమైన వృత్తానికి సున్నా. సూర్యుడి చుట్టూ భూమి కక్ష్యకు 0.017. హేలీ తోకచుక్కకు 0.967. 1974లో హల్స్, టేలర్ కనిపెట్టిన న్యూట్రాన్ నక్షత్రాల జంటకు 0.617. పోర్టోరికోలోని అరెసిబో టెలిస్కోపుకు చిక్కిన ఆ జంట ఏడు ముప్పావు గంటలకోసారి చుట్టు పూర్తి చేస్తుంది. గురుత్వ తరంగాల రూపంలో శక్తి కోల్పోతూ ఏడాదికి మూడున్నర మీటర్ల చొప్పున దగ్గరవుతోంది. తరంగాలు ఉన్నాయనడానికి తొలి సాక్ష్యం అదే. 1993లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

అంత కోలగా ఉన్న ఈ కక్ష్య, ముప్పై కోట్ల ఏళ్ల తర్వాత ఆ రెండూ కలిసిపోయే ఘడియకు దాదాపు గుండ్రంగా మారిపోతుంది. ఎందుకో తెలియాలంటే శ్రీహరికోట దాకా వెళితే చాలు. సమాచార ఉపగ్రహాన్ని రాకెట్టు ముందుగా సాగదీసిన కక్ష్యలో వదులుతుంది. ఒక కొస భూమికి రెండు వందల కిలోమీటర్ల లోపు, ఇంకో కొస వేల కిలోమీటర్ల పైన. ఉపగ్రహం తన దారిన తాను పైకి పోతుంది గానీ, రాకెట్టు చివరి దశ ఖాళీ డొక్కు ఆ కక్ష్యలోనే తిరుగుతుంటుంది. భూమికి దగ్గరగా వచ్చిన ప్రతిసారీ పలచటి గాలి ఒరుసుకుని వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే మళ్లీ అంత ఎత్తుకు ఎక్కలేదు. అలా పై కొస దిగుతూ దిగుతూ కక్ష్య గుండ్రబడుతుంది. కృష్ణబిలాల జంటలో గాలి చేసే పని గురుత్వ తరంగాలు చేస్తాయి. దగ్గరగా వచ్చిన క్షణంలోనే శక్తి ఎక్కువగా పోతుంది, దూరపు కొస దగ్గరికి జరుగుతుంది. 1964లో ఫిలిప్ పీటర్స్ ఈ లెక్కంతా కట్టి చూపించారు.

లైగో వినగలిగేది ఆఖరి సెకన్లు మాత్రమే. అప్పటికి అన్ని కక్ష్యలూ గుండ్రబడి ఉంటాయన్న ధీమాతోనే చాలాకాలం పని నడిచింది. రొదలోంచి సంకేతాన్ని ఏరడానికి ముందే తయారుచేసిన తరంగాల నమూనాలతో పోల్చి చూస్తారు. తాళం కప్పలో వరసగా తాళంచెవులు పెట్టి తిప్పి చూసినట్టు. పుణెలోని అయూకా పరిశోధన సంస్థలో సంజీవ్ ధురంధర్, బి.ఎస్. సత్యప్రకాశ్ 1990ల మొదట్లోనే ఈ పద్ధతికి గట్టి పునాది వేశారు. ఆ తాళంచెవుల గుత్తిలో దాదాపు అన్నీ గుండ్రటి కక్ష్యలవే. కోల కక్ష్యలకూ నమూనాలు చేయాలంటే గుత్తి బరువు విపరీతంగా పెరుగుతుంది. లెక్క కట్టడమూ కష్టం. అందుకని పక్కన పెట్టారు. వెతకనిది దొరకదు కదా.

అయితే ఈ జంటలన్నీ పుట్టినప్పటి నుంచీ జంటగా ఉన్నవే కావు. కొన్ని జంటలు గుంపులో తోపులాటలో కుదురుతాయి. ఏప్రిల్, మే రాత్రుల్లో ఊరి దీపాలకు దూరంగా వెళ్లి దక్షిణ దిక్కున కాస్త దిగువగా చూస్తే, మసక మసకగా ఓ చుక్క తెలుగు నేల నుంచి కూడా కనిపిస్తుంది. పేరు ఒమేగా సెంటారీ. చుక్క కాదది, దాదాపు కోటి నక్షత్రాలు బంతిలా పోగుపడిన గుచ్ఛం. మన గెలాక్సీలో ఇలాంటి గుచ్ఛాలు నూట యాభైకి పైగా ఉన్నాయి. వాటి నడిబొడ్డులో కృష్ణబిలాల జంట దగ్గరికి మూడోది వచ్చిందంటే కాసేపు ముగ్గురి మధ్య కలియబడటమే. ఆ గందరగోళంలో రెండు ఒక్కసారిగా ఒకదాని మీదికి ఒకటి విసిరినట్టు వచ్చి పడితే, గుండ్రబడేంత వ్యవధి ఉండదు. కోల కక్ష్యలోనే ముగిసిపోతాయి. గుచ్ఛాల్లో జరిగే కృష్ణబిలాల విలీనాల్లో నూటికి ఐదు దాకా ఇలా ఉండొచ్చని కంప్యూటర్ సిమ్యులేషన్లు చెబుతున్నాయి. కోల కక్ష్య దొరికిందంటే ఆ జంట ఎలా కుదిరిందో ఆచూకీ దొరికినట్టే. జీడబ్ల్యూ200105 మీద అంత ఆసక్తి అందుకే.

చిరునామాకు ఇది ఎలా అక్కరకొస్తుందో అర్థం కావాలంటే కచేరీలో తంబురా పక్కన కూర్చోవాలి. తంబురాకు నాలుగే తీగలు. పంచమానికీ షడ్జమానికీ శ్రుతి చేస్తారు. గాంధారానికి తీగ లేదు. అయినా శ్రుతి చక్కగా కుదిరితే అంతర గాంధారం దానంతటదే పలుకుతుంది, సంగీతజ్ఞులు ఆ మాట మురిసిపోతూ చెబుతారు. మంద్ర షడ్జమం తీగ తన స్వరంతోపాటు దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు, ఐదింతల కంపనాలను కూడా పలికిస్తుంది. ఆ ఐదో అనుస్వరమే గాంధారం.

గుండ్రటి కక్ష్యలో తిరిగే జంట నుంచి ప్రధానంగా ఒకే స్వరం వస్తుంది. సెకనుకు పది చుట్లు తిరిగితే తరంగం సెకనుకు ఇరవై సార్లు ఊగుతుంది. కోల కక్ష్యలో అలా కాదు. దగ్గరికి వచ్చినప్పుడు విసురుగా, దూరం వెళ్లినప్పుడు నెమ్మదిగా తిరుగుతాయి. విసురుగా తిరిగిన ప్రతిసారీ తరంగం కూడా విసురుగా ఎగసిపడుతుంది. అందులో ఒక రెట్టు, రెండింతలు, మూడింతలు, నాలుగింతల కంపనాలన్నీ కలగలిసి ఉంటాయి. తంబురా తీగలాగే.

ఇప్పుడు చీకట్లో రెండు మైకులు పెట్టుకుని శబ్దం ఎటు నుంచి వచ్చిందో చెప్పాలనుకుందాం. ఎవరో ‘ఊఁ’ అని సన్నగా మూలిగితే, ఆ మూలుగు ఏ మైకును సరిగ్గా ఏ క్షణంలో తాకిందో చెప్పడం కష్టం. దానికి అంచు లేదు. అదే చప్పట్లు కొడితే సులువు. చప్పట్లో అన్ని రకాల కంపనాలూ ఉంటాయి, అంచు పదునుగా ఉంటుంది. వలయం ఎంత సన్నగా గీయగలమన్నది పూర్తిగా ఈ పదును మీదే ఆధారపడుతుంది. కోల కక్ష్య నుంచి వచ్చే సంకేతంలో కంపనాల పరిధి వెడల్పు. మూలుగు కొంచెం చప్పట్ల వైపు జరిగినట్టవుతుంది.

ఎంత జరుగుతుంది? 2017లో చైనా, తైవాన్ పరిశోధకులు ఈ ప్రశ్నకు అంకెలతో జవాబిచ్చారు. రెండూ కలిసి సూర్యుడికి వంద రెట్లు బరువున్న జంట అయితే, ఉత్కేంద్రత సున్నా నుంచి 0.4కు పెరిగినప్పుడు చిరునామా సుమారు రెండు రెట్లు మెరుగవుతుంది. 65 రెట్ల జంట, అంటే 2015 నాటి మొదటి సంకేతంలాంటిదైతే, 1.3 రెట్లు. 22 రెట్ల జంటకు చెప్పుకోదగ్గ లాభమే లేదు.

బరువైనవాటికే లాభం ఎందుకన్నది కూడా ఆలోచిస్తే విప్పుకునే ముడే. బరువు జంట తక్కువ కంపనాల దగ్గరే విలీనమైపోతుంది. లైగో చెవిన పడేది గట్టిగా నాలుగైదు ఊపులు. అలాంటి పేద సంకేతానికి నాలుగు అనుస్వరాలు తోడైతే ఆస్తి చేకూరినట్టే. తేలిక జంట మాటకొస్తే, అది ఎక్కువసేపు, తక్కువ కంపనాల నుంచి వందల కంపనాల దాకా పాడుకుంటూ పోతుంది. దాని దగ్గర వెడల్పు ముందే ఉంది. కొత్తగా అనుస్వరాలిచ్చినా కలిగినవాడికి కానుకలే.

కోల కక్ష్యతో ఇంకో ప్రయోజనం ముందస్తు కబురు. భూమి మీది యంత్రాలు సెకనుకు ఇరవై ఊపుల లోపు పెద్దగా వినలేవు. నేల అదురు, వాహనాలు, దూరపు సముద్రపు అలలు, అన్నీ ఆ దిగువలోనే రొద చేస్తాయి. సెకనుకు ఆరు చుట్లు తిరుగుతున్న జంటది గుండ్రటి కక్ష్య అయితే పన్నెండు ఊపులే కాబట్టి వినపడదు. కోల కక్ష్యలో నాలుగింతల అనుస్వరం ఇరవై నాలుగు ఊపుల దగ్గర ఉంటుంది, అది వినపడుతుంది. అంటే ప్రధాన స్వరం కన్నా ముందే దాని అనుస్వరం గడప తొక్కుతుంది. టెలిస్కోపు తిప్పుకోవడానికి ఆ కాస్త ముందు చూపూ విలువైనదే.

అసలు లాభం అంతరిక్షంలో ఉండొచ్చు. అక్కడ నేల అదురు లేదు, కాబట్టి కంపనాలు ఇంకా తక్కువగా ఉన్న దశలోనే, కక్ష్య పూర్తిగా గుండ్రబడకముందే జంటను వినవచ్చు. ఐరోపా అంతరిక్ష సంస్థ 2024 జనవరిలో పచ్చజెండా ఊపిన లీసా ఆ కోవలోదే. 25 లక్షల కిలోమీటర్ల ఎడంతో మూడు ఉపగ్రహాలు త్రికోణంగా సూర్యుణ్ని చుడతాయి. 2035లో పంపాలని ప్రణాళిక. లైగోకూ లీసాకూ మధ్య కంపనాలను వినేలా జపాన్‌వాళ్లు డెసిగో అనే మరో ప్రతిపాదన చేశారు. ఇలాంటి యంత్రం సంకేతాన్ని నెలల తరబడి వింటూ తనూ సూర్యుడి చుట్టూ కదిలిపోతుంది కాబట్టి, ఒక్క చెవితోనే దిక్కు కనిపెట్టగలదు. కోల కక్ష్య అనుస్వరాలన్నీ అక్కడ తలో సాక్ష్యం చెబుతాయి. నేల మీద కనిపించే రెండు రెట్ల లాభం అక్కడ ఎన్నో రెట్లు పెరుగుతుందని లెక్కలు ఆశ పెడుతున్నాయి.

ఆశల సంగతి అలా ఉంచి, చేతిలో ఉన్న సాక్ష్యం ఎంత గట్టిదో కూడా చూడాలి. 2019 మే 21న వచ్చిన సంకేతం సూర్యుడికి 85 రెట్లు, 66 రెట్లు బరువున్న కృష్ణబిలాలది. మొత్తం వ్యవధి సెకనులో పదో వంతు, నాలుగే ఊపులు. అది కోల కక్ష్య అని ఒకటికి మించి బృందాలు వాదించాయి. కాదు, కక్ష్యాతలం బొంగరం తలలా ఊగడం వల్ల అలా అనిపిస్తోందని మరికొందరు. నాలుగు ఊపుల్లో ఈ రెంటినీ విడదీయడం అసాధ్యానికి దగ్గర. పైగా నెల రోజుల తర్వాత ఓ దూరపు గెలాక్సీ నడుమ వెలుగు పెరిగితే అది దీని తాలూకేనని కాలిఫోర్నియాలోని పాలోమార్ టెలిస్కోపు బృందం అంది. వందల చదరపు డిగ్రీల్లో అలాంటి గెలాక్సీలు చాలానే ఉన్నాయి, ఏదో ఒకటి అప్పుడే మెరవడం కాకతాళీయం కావచ్చు కదా అన్నవాళ్ల మాటనూ కొట్టిపారేయలేం.

జీడబ్ల్యూ200105 అంతకన్నా నమ్మదగ్గదే. సంకేతం చాలాసేపు సాగింది, ఊపులు వందల్లో ఉన్నాయి. ఉత్కేంద్రత 0.14 చుట్టుపక్కల అని తేల్చారు. కాగితం మీద ఆ కక్ష్యను గీస్తే వృత్తానికీ దానికీ తేడా కంటికి ఆనదు. పొడవు కన్నా వెడల్పు నూటికి ఒక వంతే తక్కువ. కానీ రెండింటి మధ్య దూరం చూస్తే, దగ్గరి కొస కన్నా దూరపు కొస మూడో వంతు ఎక్కువ. తరంగం చూసేది ఈ రెండో తేడానే.

అయితే ఆ జంట మొత్తం బరువు సూర్యుడికి పదకొండు రెట్లే. 2017 నాటి లెక్క ప్రకారం లాభం లేని కోవలో పడింది. పైగా విన్నది దాదాపు ఒక్క చెవే. ఉత్కేంద్రత ఎంత ఉన్నా దాని చిరునామా కుదురుకునేది కాదు. మరో చెవి పనిచేసి ఉంటే కుదురుకునేది. విర్గో చేరితే దాదాపు ఇరవై రెట్లు, బరువు జంట కోలగా తిరిగితే రెండు రెట్లు. రెండు అంకెలూ పక్కపక్కన పెడితే దేని మీద డబ్బు పెట్టాలో వేరే చెప్పక్కర్లేదు. కోల కక్ష్య ఇచ్చే సాయం ఉచితంగా వచ్చేది కాబట్టి వదులుకోకూడదు, అంతే. దాన్ని అందుకోవాలంటే తాళంచెవుల గుత్తిలో కోల కక్ష్యల నమూనాలు చేర్చాలి. ఆ పని ఇప్పుడు చురుగ్గా సాగుతోంది.

కొత్త చెవి మన పక్కింట్లోనే రాబోతోంది. మహారాష్ట్రలో నాందేడ్ అవతల హింగోలి జిల్లా, ఔంఢా నాగనాథ్ దగ్గర. 1956 దాకా ఆ మరాఠ్వాడా అంతా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. లైగో ఇండియాకు 2016 ఫిబ్రవరిలో, తొలి తరంగం కబురు ప్రపంచానికి చెప్పిన వారంలోపే, కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. నిధులకు ఆమోదం రావడానికి మాత్రం 2023 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది, 2,600 కోట్ల రూపాయలు. అమెరికా తన మూడో యంత్రం విడిభాగాలను దీనికోసం దాచిపెట్టింది. 2030 నాటికి ఇది వినడం మొదలుపెట్టాలన్నది లక్ష్యం. అమెరికా, ఇటలీలకు ఇంత దూరంలో చెవి పెడితే వలయాలు ఎంత సన్నబడతాయో లివింగ్‌స్టన్, పీసా అనుభవం ముందే చెప్పింది. విలీనం చోట మెరిసే చుక్కను ఫొటో తీయడానికి లడఖ్‌లోని హాన్లేలో 0.7 మీటర్ల గ్రోత్ ఇండియా టెలిస్కోపు ఇప్పటికే పనిలో ఉంది.

ఆ జనవరి రాత్రి లివింగ్‌స్టన్ విన్న సంకేతం దాపరికమేమీ కాదు. లైగో డేటా అంతా ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు, దాన్ని ఎలా చదవాలో పాఠాలతో సహా. ఓ ల్యాప్‌టాప్, కాస్త పైథాన్ వచ్చిన ఏ డిగ్రీ విద్యార్థి అయినా, ఇంజనీరింగ్ విద్యార్థి అయినా జీడబ్ల్యూ200105ను దింపుకుని తన కళ్లతో చూసుకోవచ్చు.